మోరీ కాడ ఆగే బండి

ఆళ్లగడ్డలో దేవదానం సారు మోటారు సైకిలు గురించి ఒక మాట ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ బండి లారీ కింద పడి చచ్చిన వాడెవడిదో అనీ, వాడు చచ్చినా బండిని వదల్లేదనీ, శిరివెళ్ళ దాటినాక కాలువ మీది చిన్న వంతెన ఉందే, ఆ మోరీ కాడ వాడే బ్రేకు తొక్కి ఆపుతాడనీ. చాగలమర్రి బస్సుల్లో చెప్పుకున్నారు, యాగంటి తిరునాళ్లలో చెప్పుకున్నారు. చెప్పిన ప్రతి నోరూ ఇంత ఉప్పూ ఇంత కారం కలిపింది. అందులో చిటికెడు నిజం లేదు. ఆ బండి అంతకు ముందు హనుమంతయ్యది. నంద్యాలలో ఎరువుల అంగడి గుమాస్తా. నడుము నొప్పికి బండి అమ్ముకున్నాడు తప్ప చావలేదు. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు జొన్నరొట్టె, గోంగూర సుబ్బరంగా తిని బతికినాడు. తను దయ్యమై తిరుగుతున్నానని బస్సులో పక్క సీటు మనిషి చెప్తే, "పాపం, దయ్యానికన్నా ఆ నడుము నొప్పి తగ్గిందా?" అని అడిగినాడంట.

జరిగింది వేరే. అది చెప్పాలంటే దేవదానం భార్య లూదియా కాడి నుంచి మొదలుపెట్టాల. ఆ బండి మూలంగా కాపురం పోగొట్టుకునే దాకా వచ్చింది ఆ పిల్లే గనక.

లూదియాకు ఆళ్లగడ్డ ప్రాథమిక బడిలో టీచరు పని. దేవదానానికి నంద్యాలలో, మిషన్ వాళ్ల బడిలో. ఇద్దరికీ ఒక ఊరికి బదిలీ కాలేదు. లూదియా ఆళ్లగడ్డలో కిరాణా అంగడి లక్ష్మయ్య ఇంటి వెనక రెండు గదుల్లో ఉండేది. దేవదానం వారమంతా నంద్యాలలో ఉండి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి పోయేవాడు. వాళ్లమ్మ దేవమ్మ కూడా నంద్యాలలోనే, మగపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమె సొంత గుడిసె మాత్రం శిరివెళ్ళకూ ఆళ్లగడ్డకూ నడుమ, మోరీ కాడ నుంచి పొలాల్లోకి పొయ్యే దావలో, ఒక చిన్న పల్లెలో ఉండేది. ఆదివారం ఆ పల్లె గుడిలో ఆరాధన తప్పితే ఆమెకు వారం గడవదు.

ఇట్లా ముగ్గురు మూడు చోట్ల. బస్సుల్లో తొక్కిసలాట. అందుకే ఆ చిన్న బండి కొన్నాడు దేవదానం. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, ఎండాకాలం సెలవులప్పుడు.

అంతకు ముందు సైకిలు తప్ప మరోటి తొక్కని మనిషి. హనుమంతయ్య బండి అప్పజెప్తూ నడుము పట్టుకోని, "సారూ, ఇనుకో. పెట్రోలు ఊరికే పొయ్యగూడదు, ఆయిలు కలిపి పొయ్యాల. లేకపోతే ఇంజను పట్టేస్తాది. నిలబెట్టినాక పెట్రోలు కొళాయి కట్టెయ్. వారానికోసారి ప్లగ్గు విప్పి మసి గీకు. చైను ఎండనీయొద్దు, మరీ బిగించొద్దు, వేలు పెట్టి ఎత్తితే కొంచెం ఊగాల. గాలి చూసుకో. ఇద్దరెక్కితే వెనక చక్రానికి ఇంకాస్త పెట్టియ్యి. ఇంతే. మిగతాదంతా దేవుని దయ," అని చెప్పినాడు.

దేవదానం దాన్ని కొత్త పాఠం మాదిరి చదువుకున్నాడు. శుక్రవారం సాయంత్రం హాస్టలు వెనక చింతచెట్టు కింద గోనెపట్టా పరిచి, ప్లగ్గు విప్పి గరుకు కాయితంతో రుద్దేవాడు. వాళ్లమ్మ పక్కన గొంతుకూర్చోని, పాత చీర పీలికతో బండిని ఎనుమును తోమినట్టు తోమేది. ఆమెకు ఆ బండి అంటే ఎంత ముద్దో అంత అనుమానం.

"ఏందిరా ఈ వాసన? పెట్రోలు యాడో పోతాంది."

"పోదులే మా. దాని వాసనే అంత."

"పోకుండా వాసనెట్ల వస్తాదిరా? నాకు పాఠం చెప్తాండావా? హాస్టల్లో కిరసనాయిలు డబ్బా కారితే ఎవరు ఆపినారు? నేనే గదా, ఇంత బట్టల సబ్బు మెత్తి!"

"నువ్వేలే మా. నువ్వు లేకపోతే హాస్టలు తగలబడిపోయి ఉండు."

"నవ్వు, నవ్వు. దుడ్లు పోసి కొన్నది గాలికి పోతాంటే నవ్వు."

శనివారం మధ్యాన్నం బడి విడిచినాక బంకులో రెండు లీటర్లు పోయించుకునేవాడు, ఎప్పుడూ అంతే. తల్లి వెనక ఒకవైపుకు కూర్చునేది. ఒళ్లో మూట, ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి కొడుకు చొక్కా మీద. చొక్కాను నడుము కాడ పిడికిట్లో గుంజి పట్టుకునేది. మోరీ వచ్చేసరికి, "ఆపు నాయనా, ఈడ దిగుతా," అనేది.

"గుడిసె కాడికే పోయి దింపుతాలే మా."

"వద్దు. దావంతా ఇసక. చైన్లో పడ్తాది."

దిగి, చీర సవరించుకోని, మూట చంకన పెట్టుకోని, ట్యాంకి మీద అరచెయ్యి ఒకసారి ఆనించి పొయ్యేది. తుమ్మచెట్ల మలుపు తిరిగి ఆమె కనపడకుండా పొయ్యేదాకా దేవదానం కదిలేవాడు కాదు. లూదియా కూడా ఒక సెలవు రోజు బస్సులో వస్తా వస్తా కిటికీలోంచి ఇది చూసింది. ఆ పల్చటి ముసలామె చెయ్యి ట్యాంకి మీద అట్లా ఆనించడం ఆమెకు బాగా గుర్తు.

మరుసటి ఏడు వానలు వెనక పట్టినాక దేవమ్మకు జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం వదల్లేదు. నంద్యాలలోనే కండ్లు మూసింది. పల్లెకు తీసుకపోవడానికి ఒక వ్యాను మాట్లాడినారు. వ్యాన్లో చుట్టాలు కూర్చున్నారు. దేవదానం వెనక బండి మీద వస్తానన్నాడు. తిరిగి పొయ్యేటప్పుడు కావాల గదా అన్నాడు. అంత దుఃఖంలో కూడా అలవాటు తప్పకుండా బంకులో రెండు లీటర్లు పోయించుకున్నాడు.

వ్యాను మోరీ కాడ ఆగలేదు. ఆగే పని లేదు గదా. నేరుగా ఇసక దావలోకి తిరిగి పోయింది. దాని వెనక వస్తున్న బండి మాత్రం మోరీ మీదికి వచ్చి, గొంతు పట్టుకున్నట్టు రెండు సార్లు గుటకలు మింగి ఆగిపోయింది. అంతకు ముందు ఆ బండి ఎప్పుడూ అట్లా ఆగలేదు. దేవదానం తొక్కినాడు, ప్లగ్గు విప్పినాడు, గీకినాడు, మళ్లీ తొక్కినాడు. ఏం లేదు. ఆఖరికి పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకి మూత విప్పినాడు. విప్పుతూనే లోపల్నుంచి "హూఁ..." అని ఒక నిట్టూర్పు వినపడింది. చాలాసేపు బరువు మోసి దించిన మనిషి విడిచినట్టు. ఆ తర్వాత ఒక్క తొక్కుకే బండి లేచింది.

సమాధి కాడికి వచ్చేసరికి ప్రార్థన సగమైపోయింది. లూదియా అతన్ని చూసింది. ప్లగ్గు మసి అంటిన నల్లటి చేతులతోనే తల్లి మీద మన్ను వేసినాడు.

తర్వాతి శనివారం మళ్లీ ఆగింది. అదే మోరీ. ఆ తర్వాతి వారం మళ్లీ. నంద్యాలకు పొయ్యేటప్పుడు ఆగదు, ఆళ్లగడ్డకు వచ్చేటప్పుడే ఆగుతాది. వరిమళ్లలో పనిచేసే వాళ్లు చూస్తుండిరి. సారు వస్తాడు, బండి ఆగుతాది, మూత విప్పుతాడు, తల వంచుకోని నిలబడతాడు, దావ వైపు చూస్తాడు, కొంచెం సేపటికి పోతాడు. ఒకామె దగ్గరికి పోయి "ఏమైంది సారూ?" అని అడిగితే, "ఏం లేదమ్మా, ఒక్క నిమిషం," అన్నాడంట. ఎవరినో తొందరపెట్టకుండా ఓపికగా చూస్తున్న మనిషి అన్నట్టు అన్నాడంట.

ఆ మాట ఆళ్లగడ్డకు వచ్చేసరికి దయ్యమైంది. తెచ్చింది ఇంటామె, లక్ష్మయ్య భార్య తులసమ్మ. లక్ష్మయ్య అంగడికి వచ్చిన ప్రతి మనిషితోనూ ఉప్పు పొట్లం కట్టేలోపల ఆ మాట చెప్పేది.

"లూదియమ్మా, నీ మొగుడు మోరీ కాడ ఎవురితోనో మాట్లాడతాడంట గదమ్మే. నిన్నేమన్నా అన్నాడా?"

"బండి ఆగుతాది తులసక్కా. పాత బండి గదా."

"పాత బండి అయితే యాడైనా ఆగాల. అదే మోరీ కాడ ఎందుకాగుతాది? దానికేమన్నా అత్తగారిల్లా ఆడ?"

లూదియా నవ్వింది గానీ ఆ నవ్వు లోపలికి దిగలేదు. ఆమె కూడా కొన్ని చూసి ఉంది. శనివారం బండి వచ్చి గుమ్మం ముందు నిలబడితే, నంద్యాల దావ దుమ్మంతా దాని మీద ఉంటుంది. ట్యాంకి మీద, దీపం మీద, దేవదానం కనుబొమల మీద. వెనక సీటు మీద మాత్రం ఉండదు. మనిషి కూర్చోని లేచినంత మేర నల్లగా మెరుస్తుంటుంది. ఒకరోజు వేలు పెట్టి చూసింది.

"దీని మీద దుమ్ము ఎందుకు లేదు?"

"తుడిచినా," అన్నాడు దేవదానం, చెప్పులు విప్పుతూ.

"ముందు సీటు తుడవలేదే?"

"అన్నానికేం చేసినావ్?" అన్నాడు.

అప్పటికి లూదియాకు ఐదో నెల. వాళ్లమ్మ సువార్తమ్మ నందికొట్కూరు నుంచి కూతుర్ని చూసిపోదామని వచ్చింది. వచ్చినామె తులసమ్మ అరుగు మీద అరగంట కూర్చుంది. అరగంట ఎక్కువే, తులసమ్మకు అంత సేపు అక్కర్లేదు. లోపలికి వచ్చేసరికి సువార్తమ్మ మొగం పాలిపోయి ఉంది.

"సర్దుకో. రేపు బస్సుకు పోదాం."

"ఇంకా నెలలుండాయి గదమ్మా. కాన్పుకు ఎట్లాగూ వస్తా గదా."

"కాన్పు మాట కాదు నేను చెప్పేది. ఆ బండి ఉన్న ఇంట్లో నా బిడ్డ ఉండదు. నా మనవడు పుట్టినాక కూడా ఉండదు. అది అమ్మెయ్యమను. అమ్మితే పంపిస్తా. లేకపోతే అతను, ఆ బండి, ఆ మోరీ, వాళ్లే కాపురం చేసుకోనీ."

"వాళ్లమ్మ ఎక్కిన బండి, అమ్మడు."

"అయితే నువ్వే తేల్చుకో. చచ్చిపోయినామె కావాల్నో, బతికుండేదానివి నువ్వు కావాల్నో అడుగు. శనివారం దాకా ఉంటా. అంతే."

దేవదానం చెడ్డవాడైతే లూదియాకు ఇంత కష్టం లేకపోను. తాగడు, తిట్టడు, వచ్చిన రెండు రోజులూ నీళ్లు తోడతాడు, బియ్యం ఏరతాడు. కానీ తల్లి పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా లూదియాను బండి ఎక్కించుకోలేదు. అడిగితే "శనివారం వద్దులే" అనేవాడు. సోమవారం అడిగితే "చీకటితో పోవాల గదా" అనేవాడు. తన సీట్లో ఇంకెవరో ఉన్నట్టు అనిపించేది ఆమెకు. అడగాలంటే భయం. ఏం చెప్తాడోనని కాదు, ఏదన్నా చెప్తాడేమోనని.

అందుకే మనిషిని అడిగే ముందు బండిని అడుగుదామనుకుంది. శనివారం బడికి సెలవు పెట్టి, వాళ్లమ్మతో "నేను సాయంత్రానికి వస్తా, నువ్వు కదలొద్దు," అని చెప్పి, నంద్యాల బస్సెక్కింది. దేవదానం బండి చూసే మెకానిక్కు పేరు మౌలాలి. రైలు గేటు కాడ రేకుల షెడ్డు. లూదియా పోయేసరికి అతను ఒక పాత సైలెన్సరును మంటలో కాల్చి మసి దులుపుతున్నాడు.

"ఏమన్నా, ఆళ్లగడ్డ దేవదానం సారు భార్యను నేను. ఆ బండికేమన్నా రోగముందా?"

మౌలాలి స్టూలు తుడిచి వేసినాడు. "కూర్చోమ్మా. సారు బండికి రోగమేంది? ఈ నంద్యాలలో దాన్నంత బాగా చూసుకునేటోళ్లు లేరు. చైను గానీ ప్లగ్గు గానీ అద్దం మాదిరి ఉంటాయి."

"మరి మోరీ కాడ ఎందుకాగుతాది?"

అతను చేతిలో పని ఆపినాడు. ఆమె మొగం చూసి, చెప్పొచ్చా చెప్పగూడదా అని ఆలోచించి, చెప్పినాడు.

"ట్యాంకి మూతకు చిన్న బొక్క ఉంటాదమ్మా. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాల. ఆ బొక్క మూసుకుంటే కొంతదూరం పోతాది, ఆనక లోపల గాలి చాలక పెట్రోలు దిగదు. బండి ఆగుతాది. మూత తీస్తే గాలి గుంజుకుంటాది, హూఁ అంటాది. మళ్లా పోతాది. ఎప్పుడూ అంతే పెట్రోలు పోస్తాడు, అంతే నిదానంగా పోతాడు, కాబట్టి దగ్గర దగ్గర అదే చోట ఆగుతాది. పొద్దున ఎండెక్కేకొద్దీ ట్యాంకి వేడైతాది, లోపల ఆవిరి తోస్తాది, కాబట్టి సోమవారం ఈడికి వచ్చేటప్పుడు ఆగదు. ఇంతే. దయ్యం లేదు, గియ్యం లేదు."

లూదియా గుండె మీది రాయి దిగినట్టయింది. నవ్వొచ్చింది. "అయితే ఆ బొక్క తియ్యొచ్చు గదన్నా?"

"పిన్నీసు చాలు. మొదట్లోనే తెచ్చినాడు నా కాడికి. చూస్తే, బట్టల సబ్బు! ఎవురో వేలితో వత్తి, గట్టిగా మెత్తినారు. వేలి గీతలు కూడా అట్లే ఉండాయి దాని మీద. ఎవుడు పెట్టినాడు సారూ ఇది, అని నేను నవ్వి పిన్నీసు పెట్టబోతి. సారు నా చెయ్యి పట్టుకున్నాడు. అంత గట్టిగా ఆ మనిషి పట్టుకోగలడని నాకు తెల్దు. 'ముట్టుకోవద్దు మౌలాలీ,' అన్నాడు. మూత బిగించుకోని పోయినాడు."

రేకుల మీద ఎండ చిటచిటమంటోంది. కిరసనాయిలు డబ్బాకు అత్త సబ్బు మెత్తిన సంగతి లూదియాకు తెలుసు. ఆ వేలు ఎవరిదో తెలుసు.

"ఇంకోటుందమ్మా," అన్నాడు మౌలాలి, గొంతు తగ్గించి. "నాకు బాగలేదనిపించింది గానీ చెప్తా. ప్రతి శనివారం వచ్చి వెనక చక్రానికి గాలి ఎక్కువ పెట్టమంటాడు. ఒక్కనివే గదా సారూ, ఒక్కనికి ఇంత వద్దు, దెబ్బలు తగుల్తాయి అంటే ఇనడు. 'ఇద్దరికి సరిపడా పెట్టు,' అంటాడు. పెట్టిస్తా. ఒక్కడే పోతాడు కాబట్టి వెనక టైరు అంతగా అరగగూడదు గదా. అరుగుతాందమ్మా. ఇద్దరెక్కినట్టే అరుగుతాంది."

మధ్యాన్నం దేవదానం బడి గేటు బయటికి వచ్చేసరికి లూదియా వేపచెట్టు నీడన నిలబడి ఉంది. అతను ఉలిక్కిపడినాడు.

"నువ్వేంది ఈడ?"

"నీతో వస్తా. బండి మీద."

"బస్సుకు పో. కడుపుతో ఉండావు."

"నిదానంగా పోతావు గదా. మౌలాలి చెప్పినాడు."

మౌలాలి పేరు వినేసరికి అతను బండి స్టాండు తీసి బంకు వైపు తోసినాడు. బంకులో రెండు లీటర్లు పోయించుకున్నాడు. వెనక సీటు అరచేత్తో తుడిచినాడు. లూదియా ఎక్కి ఒకవైపుకు కూర్చుంది. బండి లేవదీసే ముందు అతను తల తిప్పకుండా మెల్లగా అన్నాడు.

"ఇంకొంచెం ఎనక్కు జరుగు."

జరిగింది.

"ఇంకొంచెం."

ఇంక జరిగితే క్యారియరు ఇనుమే. దాని మీదికే జరిగింది. ఇనుప కమ్మీ పట్టుకోని, భర్త వీపుకూ తనకూ నడుమ ఖాళీని చూస్తూ కూర్చుంది. ఒక పల్చటి మనిషి పట్టేంత ఖాళీ.

ఊరు దాటినాక గాలి తగిలింది. ఎడమవైపు దూరంగా నల్లమల నీలంగా, కుడివైపు జొన్నచేలు. దేవదానం చొక్కా గాలికి బుడగ మాదిరి ఉబ్బింది. వీపంతా ఉబ్బింది. నడుము కాడ ఒక్కచోట మాత్రం ఉబ్బలేదు. పిడికిట్లో గుంజి పట్టుకున్నట్టు ముడతలు పడి, ఒంటికి అతుక్కోని ఉంది. లూదియా చూపు తిప్పుకుంది. మళ్లీ చూసింది. అట్లే ఉంది. శిరివెళ్ళ దాటేదాకా అట్లే ఉంది. చెయ్యి చాపి ఆ ముడతను సరిచేద్దామనుకుంది. చెయ్యి చాపడానికి నడుమ ఖాళీలో నుంచి చాపాల. చాపలేకపోయింది.

కాలువ కట్ట కనిపించింది. మోరీ వచ్చింది. ఇంజను రెండు సార్లు గుటకలు మింగి ఆగిపోయింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. మోరీ కింద నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మళ్లలో ఎవరూ లేరు. ఇసక దావ ఎర్రటి ఎండలో తుమ్మచెట్ల దాకా ఖాళీగా పడుంది. లూదియా ముందు దిగింది. దేవదానం దిగలేదు, రెండు కాళ్లూ నేలకు ఆనించి, బండిని నిటారుగా, కదలకుండా పట్టుకున్నాడు. వెనక ఎవరన్నా దిగేటప్పుడు పట్టుకుంటారే, అట్లా.

లూదియా గాజులకున్న పిన్నీసు తీసింది. ట్యాంకి మూత మీద, నడుమ, పసుపచ్చటి సబ్బు మరక. దాని మీద చిన్న వేలి గీతలు. నెలల దుమ్ము పడినా చెరిగిపోలేదు. పిన్నీసు మొన దాని మీద పెట్టింది, గుచ్చలేదు.

"ఇది అత్త మెత్తిన సబ్బు. నాకు తెలుసు. పెట్రోలు పోతాదని మెత్తింది. మీయమ్మ మీద నాకేం కోపం లేదు. కానీ ఇంటికి పోతే మాయమ్మ మూట కట్టుకోని కూర్చోనుంది. నేను పోవాల్నా ఉండాల్నా నువ్వే చెప్పు." అతని వైపు తిరిగింది. "ఇది పిన్నీసుతో పొయ్యే పని. నీకు తెలుసు. ఇన్ని నెలలు ఎందుకు తియ్యలేదు? నేనిప్పుడు తీసేస్తా. తియ్యనా?"

దేవదానం ఆమె మొగం చూసినాడు, పిన్నీసు చూసినాడు. చాలా రోజుల తర్వాత అతని కండ్లు తేటగా ఉన్నాయి. హ్యాండిలు రెండు చేతులతో గట్టిగా పట్టుకోని, బండిని కొంచెం ఆమె వైపుకు, దిగడానికి వీలుగా వంచినాడు.

"తీద్దువులే లూదియా, ఈ పొద్దు తీసెయ్యి," అన్నాడు. "ముందు మాయమ్మను దిగనీ."